ఒక్కడికి ఒప్పుకుంటే నలుగురొచ్చారు, పైగా కొట్టారు. కేసు అవుద్దా?

అవుట్‌రీచ్_అక్క
శనివారం, రాత్రి 9:40

నమస్తే అందరికీ. ఎయిడ్స్ కంట్రోల్ ప్రాజెక్టులో ఫీల్డ్ పని చేస్తాను, జిల్లా పేరు చెప్పను, అడక్కండి. మా దగ్గర రిజిస్టర్ అయిన సెక్స్ వర్కరు ఒకావిడ, ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు, మొగుడు ఎప్పుడో వదిలేశాడు. ఫోన్లో మాట్లాడుకుంది ఒక్కడితోనే. వాడు బండెక్కించుకుని లాడ్జికి కాకుండా తోటలోకి తీసుకెళ్ళాడు, అక్కడ ఇంకో ముగ్గురు తాగి కూర్చున్నారంట. నేను రాను అని వెనక్కి తిరిగితే బెల్టుతో కొట్టారు, తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, పోతా పోతా ఫోనూ చెవి దిద్దులూ లాక్కుని తెల్లారుజామున బైపాస్ మీద దింపేసి పోయారు. నేనూ మా పీర్ ఎడ్యుకేటరూ కలిసి స్టేషన్‌కి తీసుకెళ్తే రైటరు తలెత్తకుండా అన్న మాట, "డబ్బులు ఎగ్గొట్టారని కూడా కేసులు రాస్తామా అమ్మా" అని. పక్కనున్నాయన నవ్వాడు. ఇంక ఆవిడ స్టేషన్ మెట్లెక్కనంటోంది, ఎక్కితే తన మీదే కేసు కట్టి గవర్నమెంట్ హోమ్‌కి పంపుతారని భయం. ఇదంతా ఇవాళ పొద్దున్నే జరిగింది. మా ప్రాజెక్టు లాయరు ఫోన్ ఎత్తట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది కేసు అవుద్దా అవదా?

నిర్మొహమాటం_నాని
రాత్రి 9:58

ఎవరూ ఏమీ అనుకోవద్దు, జరిగింది తప్పే, కాదనను. కానీ ఆ పనిలోకి దిగినప్పుడు ఇలాంటివి ఉంటాయని తెలీదా అండీ? మామూలు ఆడపిల్లకి జరిగినదీ ఇదీ ఒకటే అంటే కోర్టు ఒప్పుకుంటుందా? నా డౌట్ అంతే.

గుంటూరు_లాయరమ్మ
రాత్రి 10:15

అక్కా ముందు నీకు. అవుద్ది, గట్టి కేసే అవుద్ది. నలుగురు కలిసి చేశారు కాబట్టి బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 70(1), సామూహిక అత్యాచారం, కనీసం 20 ఏళ్ళు. కొట్టినందుకు వేరే, ఫోనూ దిద్దులూ కొట్టి లాక్కున్నందుకు దోపిడీ సెక్షన్ వేరే. రైటరు ఎఫ్‌ఐఆర్ రాయనన్నాడు చూడు, ఇలాంటి కేసులో రాయకపోవడమే నేరం, 199 చూపించు, 6 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా జైలు. ఆ సెక్షన్ నంబరు నోటితో అంటేనే చాలా స్టేషన్లలో కుర్చీ వేస్తారు, అనుభవంతో చెబుతున్నా. ఇంకా కదలకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చింది) 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, మా పరిధి కాదు అనకూడదు.

ఇంకోటి అడగాలి, ఆవిడ ఎస్సీనా ఎస్టీనా? అవతలివాళ్ళు కాకపోతే అట్రాసిటీ యాక్టు కూడా పడుద్ది, అప్పుడు విచారణ డీఎస్పీ స్థాయి ఆఫీసరు చెయ్యాలి, స్టేషన్ రైటరు చేతిలో ఉండదు. ఇది చాలామంది మర్చిపోతారు, పోలీసులైతే కావాలనే మర్చిపోతారు.

నానీ గారూ మీ డౌట్‌కి. కోర్టు ఎప్పుడో ఒప్పుకుంది. మధుకర్ మార్డికర్ కేసని మహారాష్ట్రది ఒకటుంది, ఒక పోలీస్ ఇన్‌స్పెక్టరు రాత్రి పూట ఒకావిడ గుడిసెలోకి వెళ్ళి బలవంతం చెయ్యబోయాడు, ఆవిడ నడత మంచిది కాదు కాబట్టి ఆవిడ మాట నమ్మొద్దని వాడి వాదన. సుప్రీంకోర్టు ఏమందంటే ఎలాంటి ఆడదైనా సరే ఆమెకి ఇష్టం లేకుండా ఎవడూ ఎప్పుడు పడితే అప్పుడు మీద పడే హక్కు లేదు అని. 1990లో సంగతి. ఆడమనిషి నడత మంచిది కాదని సాక్ష్యంలో లాగడానికి పాత ఎవిడెన్స్ యాక్టులో ఒక క్లాజు ఉండేది, 155(4), దాన్ని 2003లో తీసేశారు. 2018లో ఢిల్లీ కేసులో కూడా సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, అలవాటు ఉన్న మనిషైనా వద్దనే హక్కు ఉంటుందని. ఇక్కడ ఈవిడ ఒకడికి సరేనంది, నలుగురికి అనలేదు. ఆ ఒక్కడికి కూడా మధ్యలో వద్దంటే వద్దే.

రాయలసీమ_రెబల్
రాత్రి 10:21

ఫాలో అవుతాండా. లాయరమ్మ గారు ఉండేది మా జిల్లాలో అయితే బాగుండు.

స్టాఫ్‌నర్స్_రాత్రిడ్యూటీ
రాత్రి 11:05

కేసు సంగతి పొద్దున చూద్దురు గానీ ముందు ఆవిడని గవర్నమెంట్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి అక్కా, ఇప్పుడే, ఈ రాత్రికే. స్నానం చేసేసిందా? చేసినా పర్లేదు తీసుకెళ్ళండి. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా పేపర్ కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మకి పాడవుతాయి. శాంపిల్స్ 96 గంటల లోపు తీస్తారు కానీ ఎంత ముందైతే అంత మంచిది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి, మీకు తెలిసే ఉంటుంది హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ఇప్పిస్తారు. ప్రెగ్నెన్సీ రాకుండా టాబ్లెట్ కూడా అడగండి, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు ఒక్కోసారి.

పోలీసు కాయితం లేకపోతే చూడం అంటారు, అది అబద్ధం. 2014లోనే సెంట్రల్ హెల్త్ మినిస్ట్రీ గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఎఫ్‌ఐఆర్ లేకపోయినా మనిషి నేరుగా వస్తే చూడాల్సిందే, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయాల్సిందే. ప్రైవేట్ హాస్పిటల్ అయినా ఉచితంగా చూడాలి, చూడకపోతే వాళ్ళ మీదే కేసు. ఇంకో ముఖ్యమైన సంగతి, డాక్టరు రెండు వేళ్ళ పరీక్ష చేస్తానంటే వద్దని చెప్పించండి. 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు ఆ పరీక్ష ఎవరు చేసినా మిస్‌కాండక్టే అని తీర్పిచ్చింది. మా దగ్గర సీనియర్ ఒకాయన ఆ తర్వాత కూడా "అలవాటున్న మనిషి" అని రిపోర్టులో గీకేవాడు, ఆ ఒక్క లైన్ పట్టుకుని అవతలి లాయరు కేసంతా తిప్పేస్తాడు.

రిటైర్డ్_హెచ్‌సీ
ఆదివారం, ఉదయం 6:30

డిపార్ట్‌మెంట్లో 30 ఏళ్ళు చేసిన మనిషిని, తిట్టుకున్నా పర్లేదు ఉన్నది చెబుతా. రైటరు ఎందుకు రాయనన్నాడో నాకు తెలుసు. ఈ కేసు రాస్తే సీఐ అడుగుతాడు, డీఎస్పీ అడుగుతాడు, ఆ తోట ఎవరిది అంటే ఎవరో పెద్దమనిషిది అవుతుంది, ఆ నలుగురిలో ఒకడు ఎవరి బామ్మర్దో అవుతాడు. అదే ఆవిడ మీద ఐటీపీ యాక్ట్ (వ్యభిచార నిరోధక చట్టం) 8, అంటే రోడ్డు మీద పిలిచిందని రాస్తే అరగంటలో పని అయిపోద్ది, కోర్టులో ఫైన్ కడుతుంది, లెక్కకి ఒక కేసు. మా రోజుల్లో నెలాఖరుకి పెట్టీ కేసుల నంబరు చూపించాలంటే జీపు బస్టాండు వైపు తిప్పేవాళ్ళం, వీళ్ళే దొరికేవాళ్ళు. మామూళ్ళ సంగతి ఇక్కడ రాయను, అందరికీ తెలిసిందే. డబ్బులే కాదు ఇంకోటి కూడా అడిగేవాళ్ళు ఉన్నారు.

చట్టం ప్రకారం అయితే రైడ్‌కి వెళ్ళేది ఇన్‌స్పెక్టరు ర్యాంకుకి తగ్గకుండా ఉండాలి, ఇద్దరు ఆడ పోలీసులు ఉండాలి, ఊళ్ళో మర్యాదస్తులు ఇద్దరు సాక్షులు, అందులో ఒకరు ఆడమనిషి ఉండాలి, 13, 15 సెక్షన్లు అవి. నా సర్వీసులో ఇవన్నీ పాటించిన రైడ్ చూసింది తక్కువ. సాక్షి సంతకాలు స్టేషన్ ఎదురు టీ కొట్టువాడివే.

నిర్మొహమాటం_నాని
ఉదయం 8:12

హెచ్‌సీ గారూ మీరే చెబుతున్నారుగా చట్టం ప్రకారం అది నేరమే అని. మరి నేరం చేసే మనిషి ఇంకో నేరం గురించి కంప్లైంట్ ఇస్తే పోలీసులు ఇరుకున పడరా?

గుంటూరు_లాయరమ్మ
ఉదయం 8:50

ఇదే అండీ అసలు తంటా అంతా, చదువుకున్నవాళ్ళు కూడా ఇలాగే అనుకుంటారు. ఈ ఐటీపీ యాక్ట్ 1956 నాటి చట్టం, 1986లో పేరు మార్చారు. అందులో ఎక్కడా డబ్బు తీసుకుని ఒళ్ళమ్ముకోవడం నేరం అని లేదు. కంపెనీ, అంటే వ్యభిచార గృహం, నడపడం నేరం, బ్రోకరు పని నేరం, ఆమె సంపాదన మీద బతకడం నేరం, రోడ్డు మీద నిలబడి పిలవడం నేరం, గుడికి బడికి ఆసుపత్రికి 200 మీటర్ల లోపల చెయ్యడం నేరం. చెప్పుకోవడానికి ఆమె నేరస్తురాలు కాదు, కానీ గది అద్దెకిచ్చినవాడు నేరస్తుడు, తోడుగా నిలబడిన మనిషి నేరస్తుడు, ఆమె సంపాదనతో తింటున్న ముసలి తల్లీ, 18 దాటిన కొడుకూ కూడా 4వ సెక్షన్లోకి వచ్చేస్తారు. అంటే పక్కన మనిషి లేకుండా, గది లేకుండా, వెలుతురు లేని చోట ఒక్కతే చేసుకోవాలి. అలా చేసుకునే మనిషిని తోటలోకి తీసుకెళ్ళడం ఎంత సులువో వాళ్ళకి తెలుసు. కస్టమరు సంగతికొస్తే వాడి మీద 3, 4, 5 సెక్షన్లు చెల్లవని మన హైకోర్టే కొట్టేసింది. పేపర్లో మాత్రం చున్నీ కప్పుకున్న ఆడవాళ్ళ ఫొటోలే పడతాయి.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డర్ ఉంది, బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో. ఆ కేసు పుట్టిందే ఒక హత్యలోంచి, 1999లో కలకత్తాలో ఒక సెక్స్ వర్కర్‌ని గోడకీ నేలకీ తల కొట్టి చంపాడు ఒకడు, 2011లో వాడి జీవిత ఖైదు ఖాయం చేస్తూ కోర్టు ఈ ఆడవాళ్ళ బతుకుల గురించి ఒక ప్యానెల్ వేసింది. ఆ ఆర్డర్లో స్పష్టంగా రాశారు, వీళ్ళ పట్ల పోలీసుల తీరు క్రూరంగా ఉంటోందని, తిట్టకూడదు కొట్టకూడదు బలవంతం చెయ్యకూడదని, అత్యాచారం జరిగితే మిగతా ఆడవాళ్ళకి ఇచ్చే వైద్యమే వెంటనే ఇవ్వాలని, పర్సులో కండోమ్ దొరికితే సాక్ష్యంగా చూపకూడదని. అక్కా, ఈ ఆర్డర్ ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకో.

పేరు_వద్దు
మధ్యాహ్నం 2:20

నేను ఆ పనిలోనే ఉన్నా. టైపింగ్ మా అమ్మాయి నేర్పింది, తప్పులుంటే క్షమించండి. నాని గారూ మీరు తెలిసే దిగుతారు కదా అన్నారు. అవును తెలుసు. కూలికెళ్ళినా తెలుసు మేస్త్రీ ఎలాంటోడో, ఇళ్ళల్లో పనికెళ్ళినా తెలుసు. తెలిసినంత మాత్రాన కొట్టించుకోవాలా?

అందరూ కస్టమర్ల గురించే రాస్తన్నారు. కస్టమర్లు కొడతారు, తాగొచ్చి డబ్బు వెనక్కి లాక్కుంటారు, కండోమ్ వద్దని గొడవ పెడతారు, నిజమే. కానీ ఎక్కువ దెబ్బలు తిన్నది ఇంట్లో. నన్ను ఉంచుకున్నోడు ఉన్నాడు, మొగుడు అనే చెప్పుకుంటాం ఇల్లు అద్దెకి కావాలంటే. సాయంత్రం లెక్క అడుగుతాడు, తక్కువైతే ఎవడికి ఇచ్చావని కొడతాడు, ఎక్కువైతే ఎవడితో అంతసేపున్నావని కొడతాడు. వాడి మీద గృహహింస కేసు పెట్టచ్చని మాకు మీటింగులో చెప్పారు. పెడితే ఓనరుకి తెలుస్తుంది నేనేం పని చేస్తానో, ఇల్లు ఖాళీ చెయ్యాలి, పిల్ల స్కూల్ మారాలి. ఇంకా రోజువారీ ఫైనాన్సోడు, ఏరియా రౌడీలు, వాళ్ళకి డబ్బులు అక్కర్లేదు ఊరికే కావాలి. పోలీసుకి చెప్తావా చెప్పు అంటారు. ఆ ధైర్యమే వాళ్ళది. మేము చెప్పలేమని వాళ్ళకి తెలుసు.

మా పెద్దక్క గోవా బైనాలో, ఈ పని జరిగే వాడలో ఉండేది. 2004లో బుల్డోజర్లతో అక్కడ ఇళ్ళన్నీ కొట్టేశారు, వానాకాలంలో. మన తెలుగోళ్ళు చాలామంది ఉండేవాళ్ళు అక్కడ. అక్కడున్నప్పుడు ఘర్‌వాలీ, అంటే ఇల్లు నడిపే ఆవిడ, సగం తినేది, అదీ నరకమే, కానీ ఎవడన్నా చెయ్యెత్తితే పక్క గదిలోంచి పది మంది వచ్చేవాళ్ళంట. పడగొట్టాక అందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. అక్క లాడ్జీలు పట్టుకు తిరిగింది, ఒక్కతే. దవడ విరిగింది అప్పుడే.

ఆ చెల్లెలికి చెప్పండి అక్కా, హాస్పిటల్‌కి వెళ్ళమని. ఒళ్ళు మనది.

పాలమూరోడు
సాయంత్రం 4:45

అక్కా నీ పోస్టు చదివినంక ఏం రాయాల్నో తెల్వలే. మా దిక్కు జోగిని అని పెట్టిండ్రు, చిన్నగున్నప్పుడే దేవునికిచ్చి పెండ్లి చేసుడు, పెద్దమనిషైనంక ఊర్ల పెద్దలది. 1988ల చట్టమొచ్చింది, అయినా కేసు పెట్టేటోడు ఎవడు, ఊరు ఊరంత ఒక్కటే అయితే. అందరు దళితుల ఇండ్ల పిల్లలే. గా లాయరమ్మ అట్రాసిటీ గురించి అడిగింది కరెక్ట్.

కానీ ఒక మాట. ఇష్టమొచ్చి చేస్తున్నరు, హక్కులు ఇయ్యండి అని మీటింగులల్ల అంటరు గదా, నాకు గది మింగుడువడదు. 2018ల యాదగిరిగుట్టల వ్యభిచారం నడిపే ఇండ్లల్ల దొరికిన పిల్లలు గుర్తున్నరా? చిన్న చిన్న పిల్లలు. హైదరాబాదుల సునీతా కృష్ణన్ 1996 నుంచి ప్రజ్వల అనే సంస్థ నడుపుతున్నది, రెస్క్యూకి పోయినందుకు ఎన్నిసార్లు దాడులు చేసిండ్రు ఆమె మీద, ఆమె మనుషుల మీద. దందా వెనక మాఫియా ఉంటది. దాన్ని వదిలిపెట్టి హక్కులంటే ఎట్ల?

పూణేలో_తెలుగోడు
సాయంత్రం 5:30

బ్రదర్ పిల్లల విషయంలో ఇక్కడెవరూ వాదించరు, అది పోక్సో, అది ట్రాఫికింగ్, లోపలెయ్యాల్సిందే. కానీ పెద్దవాళ్ళని కూడా రెస్క్యూ పేరుతో జుట్టు పట్టుకుని వ్యాన్ ఎక్కించడం నేను ఇక్కడి రెడ్‌లైట్ ఏరియా బుధవార్ పేటలో కళ్ళారా చూశా. అందులో మన తెలుగావిడలు కూడా ఉన్నారు, భాష రాదు, అమ్మకి ఫోన్ చెయ్యనివ్వలేదు. తర్వాత హోమ్, మూడేళ్ళ దాకా ఉంచొచ్చు. బయటికొచ్చేసరికి ఇల్లు పోయింది, అప్పు పెరిగింది. అదే ఘర్‌వాలీ దగ్గరికి మళ్ళీ వెళ్ళింది, ఈసారి ఇంకా తక్కువ రేటుకి.

సాంగ్లీలో వ్యాంప్ అని సంఘం ఉంది, ఆ ఆడవాళ్ళదే, 1996 నుంచి ఉంది. ఎవడైనా కొడితే ముందు వాళ్ళే గుంపుగా వెళ్తారు స్టేషన్‌కి. చిన్నపిల్లని ఎవరైనా తెచ్చినా పట్టుకునేది వాళ్ళే. రెండూ ఒకళ్ళే చెయ్యొచ్చు అన్నమాట, ఇటా అటా అని గొడవ అక్కర్లేదు.

వెల్లింగ్టన్_వెంకట్
సాయంత్రం 6:10

ఇక్కడ న్యూజిలాండ్‌లో 2003 నుంచి ఇది నేరం కాదు. ఒప్పుకున్నాక కూడా కాదనే హక్కు చట్టంలో రాసి ఉంది. 2014లో ఒకావిడ తను పని చేసే బ్రోతల్ ఓనరు మీద లైంగిక వేధింపు కేసు వేసి 25 వేల డాలర్లు గెలిచింది. అలాగని స్వర్గం కాదు, టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు ఈ పని చేస్తే దేశం నుంచి పంపించేస్తారు. కాబట్టి స్టూడెంట్ వీసా పిల్లలెవరైనా దిగితే వాళ్ళ పరిస్థితి మన హైవే మీద పరిస్థితే, కొట్టినా చెప్పుకోలేరు.

డేటా_మాస్టారు
సాయంత్రం 7:02

ఒక్క సంగతి చెప్పి పోతా. 2014లో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన స్టడీలన్నీ కలిపి చూశారు, పనిలో ఏదో ఒక హింస జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పడ్డవాళ్ళు 45 నుంచి 75 శాతం అని తేలింది. కర్ణాటకలో 3,800 మందికి పైగా అడిగితే 11 శాతం మంది గడిచిన ఏడాదిలోనే కొట్టారనో రేప్ చేశారనో చెప్పారు, 2010లో వచ్చింది అది. 11 తక్కువ అనిపిస్తుంది గానీ సర్వే మనిషికి చెప్పుకున్నవాళ్ళ లెక్క అది. అలా దెబ్బలు తిన్నవాళ్ళలో కండోమ్ వాడకం కూడా తక్కువ. అందుకే ఎయిడ్స్ ప్రాజెక్టులు హింస గురించి మాట్లాడటం మొదలుపెట్టాయి, జాలితో కాదు.

మోడరేటర్
సాయంత్రం 7:30

ఒక సభ్యుడు బైపాస్ దగ్గర ఫలానా ఊరు కదా అని కామెంట్ పెట్టారు, తీసేశాం. బాధితురాలిని గుర్తుపట్టే వివరం ఏది రాసినా నేరం, బీఎన్‌ఎస్ 72. మళ్ళీ చేస్తే ఐడీ బ్లాక్.

నిర్మొహమాటం_నాని
రాత్రి 8:15

పేరు_వద్దు గారూ, మీ బాధ అర్థమైంది. నా అభిప్రాయం ఆ వృత్తి మీద మారదు, అది సమాజానికి మంచిది కాదు అనే అంటా. కానీ తోటలో ఆ నలుగురికీ శిక్ష పడాలి, అందులో ఇంకో మాట లేదు.

పేరు_వద్దు
రాత్రి 8:22

అంతే చాలండి. మీరు మమ్మల్ని మెచ్చుకోనక్కర్లేదు.

అవుట్‌రీచ్_అక్క
మంగళవారం, రాత్రి 10:05

అప్‌డేట్. శనివారం రాత్రే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, నర్స్ గారూ మీకు దండం. మొదట పోలీసు లెటర్ కావాలన్నారు, మీరు రాసింది ఫోన్లో చూపించాను, లోపలికి పంపారు. పెప్ మొదలైంది, వాంతులు అవుతున్నాయి కానీ మానట్లేదు. స్టేషన్లో మళ్ళీ అదే కథ, సోమవారం ఎస్పీ ఆఫీసుకి వెళ్ళాం, లాయరమ్మ గారు ఫోన్లో స్పీకర్ మీద ఉన్నారు. సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చింది. ఆవిడ ఎస్సీనే, అట్రాసిటీ కూడా వేశారు. ఇద్దరు దొరికారు, ఇద్దరు లేరు.

ఇప్పుడు కొత్త తలనొప్పులు. ఆ మొదటి వాడి తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు మా ఆఫీసుకి, లక్ష ఇప్పిస్తా రాజీ పడమనండి అని. ఆవిడకి అప్పుంది, ఫైనాన్సోడు రోజూ గుమ్మంలో కూర్చుంటున్నాడు, ఊగిసలాడుతోంది, నేనేమీ అనలేకపోతున్నా. ఇంకోటి, ఫోన్ లేక పని లేదు, పని లేక బియ్యం లేవు. ఎవరి దగ్గరైనా పాత ఫోన్ ఉంటే చెప్పండి.

గుంటూరు_లాయరమ్మ
రాత్రి 10:30

ఇది రాజీ పడే కేసు కాదక్కా, చట్టం ఒప్పుకోదు. ఆ లక్ష తీసుకుంటే రేపు బ్లాక్‌మెయిల్ చేసిందని తిప్పి రాస్తారు. డబ్బు అవసరం నిజమే కాబట్టి రేపే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో నష్టపరిహారానికి అప్లికేషన్ పెట్టు, 2018 నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) స్కీమ్‌లో సామూహిక అత్యాచారానికి 5 లక్షల నుంచి 10 లక్షల దాకా ఉంది, కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతరంగా కొంత అడగొచ్చు. అట్రాసిటీ కింద వచ్చేది వేరే, మెడికల్ రిపోర్టు వచ్చాక కొంత ఇవ్వాలి. లాయరు కావాలంటే అక్కడే ఉచితంగా ఇస్తారు, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేదు, 15100కి ఫోన్ చేసినా సరే. బీఎన్‌ఎస్‌ఎస్ 183 స్టేట్‌మెంట్ మేజిస్ట్రేట్ దగ్గర తొందరగా ఇప్పించండి, అది అయితే ఆవిడ మీద ఒత్తిడి కొంచెం తగ్గుద్ది. ఆ రోజు పిల్లల్ని ఎవరైనా చూసుకునేలా చూడు, కోర్టులో సాయంత్రం దాకా కూర్చోబెడతారు.

రాయలసీమ_రెబల్
రాత్రి 10:41

నా దగ్గర పాత ఫోన్ ఉండాది అక్కా, స్క్రీన్ మూల పగిలింది గానీ బాగా పని చేస్తాది. అడ్రస్ మెసేజ్ చెయ్యి, మీ ఆఫీసుదే పంపు ఆమెది వద్దు, రేపు కొరియర్ వేస్తా.

గుంటూరు_లాయరమ్మ
రాత్రి 10:48

ఫోన్ వచ్చాక కొత్త నంబర్ తీసుకోవద్దని చెప్పు. పాత నంబర్‌కే డూప్లికేట్ సిమ్ తీసుకోమను, వాడు ఆ రోజు మాట్లాడింది దానికే కదా. రాజీ అని ఎవడు ఫోన్ చేసినా రికార్డు చేసి నాకు పంపు.